లైట్లు వేసి ఉన్నవి

మా నాన్న మొదటిసారి కారు స్టీరింగ్ పట్టుకున్నది 2018లో, అరవయ్యో ఏట. అంతకుముందు పట్టుకోకపోవడానికి కారణం డబ్బొక్కటే కాదు. రెండేళ్ళ వయసులో వచ్చిన పోలియో వల్ల ఆయన ఎడమకాలికి బలం లేదు. క్యాలిపర్ బిగించుకుని నడుస్తాడు. ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, రిటైరయ్యేదాకా వెనక రెండువైపులా చిన్న చక్రాలు బిగించిన చేతక్ స్కూటరు మీదే తిరిగాడు. ఆ స్కూటరుకి క్లచ్చూ గేర్లూ ఎడమచేతిలో ఉండేవి, వెనక బ్రేకు కుడికాలి కింద. ఎడమకాలితో దానికి పనే లేదు. కారుకి క్లచ్ ఎడమకాలి కిందే ఉంటుంది. ఈ ఒక్క తేడా మా ఇంట్లో చాలా సంగతులు తేల్చేసేది: ఏ పెళ్ళికి వెళ్ళాలి, ఏ పెళ్ళికి కానుక మాత్రం పంపాలి, వానొస్తే ఎవరు తడవాలి.

ఆటోమేటిక్ కార్లు మన దేశంలో ఎప్పట్నుంచో ఉన్నాయి కానీ మాలాంటి వాళ్ళకి అందే ధరలో కాదు. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలెరియో వచ్చాక ఆ లెక్క మారింది. ఏఎమ్‌టీ అంటారు దీన్ని. పైకి ఆటోమేటిక్, లోపల మామూలు గేర్‌బాక్సే. అదే క్లచ్ ప్లేటు, అవే పళ్ళచక్రాలు. ఎడమకాలు చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది, అంతే. కొన్ని కార్లలో ఆ యంత్రం చిన్న పంపుతో నూనెకి ఒత్తిడి పుట్టించి క్లచ్‌ని నొక్కుతుంది. కొన్నిట్లో ఒక డీసీ మోటారు తిరిగి మీటని నెడుతుంది. దీన్నే క్లచ్ యాక్చుయేటర్ అంటారు. క్లచ్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి ఒక సెన్సారు, ఇవన్నీ చూసుకోవడానికి టీసీయూ అనే చిన్న కంప్యూటరు. మేం కొన్నది సెలెరియో కాదు, వేరే కంపెనీది. పేరు ఇక్కడ అనవసరం. అందులో ఉన్నది మోటారు రకం.

డాక్టరు సర్టిఫికెట్టూ ఖైరతాబాద్ ఆర్టీఏ చుట్టూ తిరుగుళ్ళూ అయ్యాక నాన్న తనకి తానే ఒక డ్యూటీ వేసుకున్నాడు. అమ్మ సోమాజిగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. స్టడీ అవర్ అయ్యేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. అమీర్‌పేట మా ఇంటినుంచి పంజాగుట్ట మీదుగా వెళ్ళి ఆమెని తీసుకురావడం. దూరం చూస్తే ఏమీ లేదు. ఆ వేళకి ముప్పావుగంట. "పంజాగుట్ట పక్క స్టేషనే కదా నాన్నా, అమ్మ మెట్రోలో వచ్చేస్తుంది" అని ఒకసారి అన్నాను. "ముప్ఫై ఏండ్లు స్కూటర్ ఎనక తడుసుకుంట కూసున్నది. ఇప్పుడన్న ఏసీల కూసోనీ" అన్నాడు. ఇంక నేనేం మాట్లాడలేదు.

2022 ఆగస్టులో కారు ఆగిపోవడం మొదలైంది.

లక్షణం ఇది. ట్రాఫిక్‌లో ఆగి, మళ్ళీ కదలబోతే కదలదు. గేరు పడదు. డ్యాష్‌బోర్డు మీద గేరు అంకె ఉండాల్సిన చోట న్యూట్రల్ గుర్తు మినుకుమినుకుమంటుంది, పసుపు దీపం వెలుగుతుంది. ఇంజను మామూలుగా తిరుగుతూనే ఉంటుంది. కారు ఆపేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే బయల్దేరుతుంది. ఆ రెండు నిమిషాలు పంజాగుట్ట చౌరస్తాలో సాయంత్రం ఆరున్నరకి ఎలా ఉంటాయో ఆ దారిన పోయేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. నిమ్స్ అక్కడే, వెనకాల ఎప్పుడూ ఒక అంబులెన్సు ఉంటుంది.

నేను ఆదివారం పొద్దున కారు తీసుకుని జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా వెళ్ళొచ్చాను. బంగారంలా నడిచింది. మరుసటి ఆదివారం మళ్ళీ. మళ్ళీ బంగారం. మా వృత్తిలో ఒక పాత జోకు ఉంది: టెస్టర్ బగ్ చెప్తే డెవలపర్ ఇచ్చే మొదటి జవాబు, నా మెషీన్‌లో బానే పనిచేస్తోంది అని. ఆఫీసులో ఆ మాట ఎవరైనా అంటే నవ్వుతాను. ఇంట్లో మా నాన్నతో సరిగ్గా అదే అన్నాను, ఇంకా ఘోరంగా.

"నాన్నా, బ్రేకు పూర్తిగా తొక్కుతున్నావా? ఒక్కోసారి కుడికాలు యాక్సిలరేటర్ మీద కూడా పడుతుందేమో చూసుకో."

ఆయన కాసేపు నా వైపు చూసి, "తొక్కుతున్న" అన్నాడు. ఒక్క మాటే.

ఈ పత్రికలో నేను నాలుగైదు సమీక్షలు రాశాను. కథ చెప్పేవాడి మాట ఎంతవరకు నమ్మాలి అని ఒక నవల మీద చాలా పొడుగ్గా రాసినట్టు కూడా గుర్తు. కథకుణ్ణి అనుమానించడం అనేది చదువుకున్న పాఠకుడి లక్షణం అన్నట్టు రాశానేమో. మా ఇంట్లో కూచున్న కథకుణ్ణి అనుమానించడానికి నా దగ్గర ఉన్న ఆధారమల్లా ఆయన కాలికున్న క్యాలిపర్.

సర్వీస్ సెంటర్లో కంప్యూటర్ తగిలించి చూసి, యాక్చుయేటర్ అసెంబ్లీ మొత్తం మార్చాలన్నారు. నలభై వేలు దాటిన ఎస్టిమేట్. ఏ కోడ్ వచ్చిందని అడిగితే కాగితం చూపించారు: పీ0900. దాని పక్కన ఇంకో కోడ్ కూడా ఉంది, పీ0562. అది మామూలేనండీ, బ్యాటరీ కాస్త వీకైనా వస్తుందన్నాడు సర్వీస్ అడ్వైజర్.

ఇంటికొచ్చి ఆ కాగితాన్ని మళ్ళీ చదివాను. ఈ కోడ్లు ఒక్కో కంపెనీ సొంతంగా పెట్టుకునేవి కావు. అమెరికాలో 1996 మోడల్ కార్లనుంచి తప్పనిసరి అయిన పద్ధతిలో భాగం ఇవి, మొదటి సున్నా ఉన్నవాటికి అన్ని కంపెనీల్లోనూ ఒకటే అర్థం. పీ0900కి ఇచ్చిన వివరణ 'క్లచ్ యాక్చుయేటర్ సర్క్యూట్, ఓపెన్'. అడ్వైజర్ నాకు చెప్పింది 'క్లచ్ యాక్చుయేటర్ పోయింది' అని. మధ్యలో సర్క్యూట్ అన్న మాట జారిపోయింది. ఆ ఒక్క మాట ఖరీదు నలభై వేలు. సర్క్యూట్ అంటే మోటారు మాత్రమే కాదు. బ్యాటరీనుంచి ఫ్యూజు, రిలే, టీసీయూ, వైర్లు, కనెక్టర్లు, మోటారు, తిరిగి కారు ఒంటిమీదుగా బ్యాటరీ నెగెటివ్ దాకా. కోడ్ చెప్పేది ఈ దారిలో ఎక్కడో తేడా ఉంది అని. ఎక్కడో చెప్పదు. పీ0562 అంటే వోల్టేజి తక్కువ అని. మామూలేనని కొట్టిపారేసిన వాక్యంలోనే అసలు కథ ఉండొచ్చని సమీక్షలు రాసేవాడికి అనిపించి ఉండాల్సింది. అనిపించలేదు. అది మాత్రం తర్వాత తెలిసింది.

ఇక్కడ చిన్న పక్కదారి. స్టీరింగ్ వెనక మీటలు నొక్కితే గేరు మారే పద్ధతిని ఫార్ములా వన్‌లోకి తెచ్చింది ఫెరారీ, 1989లో, జాన్ బర్నార్డ్ డిజైన్ చేసిన 640 కారుతో. ఆ మార్చి 26న బ్రెజిల్‌లో నైజెల్ మాన్సెల్ మొదటి రేసే గెలిచాడు. కానీ అంతకుముందు టెస్టుల్లోనూ, ఆ తర్వాత రేసుల్లోనూ ఆ కారు మాటిమాటికీ ఆగిపోయేది. అందరూ కొత్త గేర్‌బాక్సునే తిట్టారు. చివరికి తేలిందేమిటంటే, ఇంజను వణుకుకి ఆల్టర్నేటర్ బెల్టు జారిపోతోంది. బెల్టు పోతే కరెంటు లేదు, కరెంటు లేకపోతే గేరు పడదు. గేర్‌బాక్సు పాపం ఆకలితో పడిపోయింది, అంతే. మా కారు సంగతి తేలాక దీని గురించి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. అంతటివాళ్ళే పడిన గోతిలో మేమూ పడ్డామని ఒక తృప్తి.

నేను చదివింది ఈసీఈ. కాలేజీలో మల్టీమీటర్ పట్టుకున్నది ల్యాబ్ పరీక్షకి, ఆ తర్వాత అందరిలాగే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నాలుగు నెలలు జావా నేర్చుకుని ఎలక్ట్రాన్లకి శాశ్వతంగా వీడ్కోలు చెప్పాను. ఇప్పుడు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి ఒక మల్టీమీటరూ, ఫోనుకి బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ రీడరూ కొన్నాను. వీడియోలు చూసి, బ్యాటరీ తీగలు విప్పి, యాక్చుయేటర్ మోటారు రెసిస్టెన్స్ చూశాను. బాగుంది. టీసీయూ కనెక్టరు లాగి దాని ఎర్త్ పిన్నునుంచి కారు ఒంటికి చూశాను. 0.3 ఓములు. మీటరు రెండు ముళ్ళూ ఒకదానికొకటి ఆనించినా 0.3 ఓములే చూపిస్తోంది, అంటే మధ్యలో ఏమీ లేనట్టే. వైర్లన్నీ బాగున్నాయి. మోటారు బాగుంది. మరి ఆగుతున్నదెందుకు? మళ్ళీ నాన్న కుడికాలి దగ్గరికే వచ్చాను. పైకి అనలేదు కానీ వచ్చాను.

అక్టోబరుకి అమ్మ ఆటోలో రావడం మొదలుపెట్టింది. ఎవరూ ఏమీ అనుకోలేదు, అలా జరిగిపోయింది. కారుకి కవరు కప్పి ఉండేది.

ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళమన్నది మా వాచ్‌మన్. సత్యం థియేటరు ఉండే చోటికి వెనక సందుల్లో ఒక షట్టరు, లోపల ఆటోలూ పాత కార్లూ, గోడకి డైనమోలు. పైనున్న అంతస్తు మీద డెవాప్స్, డేటా సైన్స్ కోచింగ్ బోర్డు. ఆయనకి అరవై పైనే ఉంటాయి, అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. కారు పేరు చూడగానే "ఇది కంప్యూటర్ బండి సార్, నేను చెయ్య" అన్నాడు. కంప్యూటర్ సంగతి నేను చూసుకుంటా, కరెంటు సంగతి మీరు చూడండని బతిమాలాను. నా మీటరు లెక్కలన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"బ్యాటరీ విప్పి చూసినవా?"

"అవును, ఓములు చూడాలంటే విప్పాలి కదా."

"గంటె సార్, పండుకున్నోన్ని బీపీ చూసినట్టు. పరిగెత్తేటప్పుడు చూడాలె." కాసేపాగి, "మీటర్ ఝూట్ చెప్పది. నువ్వడిగిందానికే చెప్తది" అన్నాడు.

తర్వాత అడిగాడు: "ఎప్పుడెప్పుడు ఆగింది?"

నాకు తెలీదు. సాయంత్రాలు అని మాత్రం తెలుసు. పక్కన స్టూలు మీద కూర్చున్న నాన్న లేచి, కారు తలుపు తీసి, గ్లౌబాక్సులోంచి ఒక నోటుబుక్కు తీశాడు. నలభై పేజీల పిల్లల పుస్తకం. నేను దాన్ని చాలాసార్లు చూశాను, పెట్రోలు లెక్కలనుకున్నాను. పెట్రోలు లెక్కలు ముందునుంచి ఉన్నాయి. వెనకనుంచి ఇది ఉంది. ఉస్తాద్‌కి తెలుగు చదవడం రాదు, చదవమని నాకిచ్చాడు.

మా నాన్న ఇంట్లో మాట్లాడే భాష వేరు, రాసే భాష వేరు. ఫైళ్ళలో నోట్లు రాసిన చెయ్యి. మొదటిది ఇలా ఉంది: 'తే. 17-8-2022, సా. 6.35 గం.లకు నిమ్స్ ఎదురుగా వాహనము నిలిచిపోయినది. ఏసీ నడుచుచున్నది. లైట్లు వేసి ఉన్నవి. పునఃప్రారంభింపగా నడిచినది.' రెండోది పంజాగుట్ట చౌరస్తా, సాయంత్రం 6.50, ఏసీ నడుచుచున్నది, లైట్లు వేసి ఉన్నవి. మూడోది మధ్యాహ్నం మూడింటికి. నేను మనసులో ఇదిగో దొరికింది తేడా అనుకునేలోగా తర్వాతి వాక్యం వచ్చింది: 'భారీ వర్షము. లైట్లు వేసి ఉన్నవి. వైపర్లు నడుచుచున్నవి.'

ఉస్తాద్ చెయ్యెత్తి ఆపమన్నాడు. "లైట్లు ఏసినప్పుడే?"

"లైట్లు వేయనప్పుడు ఒక్కసారి గూడ ఆగలే" అన్నాడు నాన్న. మొత్తం ఏడు.

నేను మిగతావి నాలో నేను చదువుకుంటున్నాను. అయిదోదాంట్లో, తేదీ, సమయం, లైట్ల తర్వాత ఇంకో వాక్యం ఉంది. 'వెనుక అంబులెన్సు యుండెను. నలుగురు నెట్టి ప్రక్కకు చేర్చిరి. అందొకరు నా కాలు చూచి అనుచితముగా మాటలాడిరి.' అంతే, ఏం మాటో రాయలేదు. ఆ రోజు రాత్రి ఇంటికొచ్చి మామూలుగా అన్నం తిన్నాడు. నేను కుడికాలి సంగతి అడిగింది ఆ వారంలోనే.

ఉస్తాద్ అప్పటికే బానెట్ కింద దూరాడు. హెడ్‌లైట్ బల్బుకి రెండు పొడుగు వైర్లు కట్టుకున్నాడు, రెండు ఫిలమెంట్లూ కలిపి. ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, రెండోది బ్యాటరీ మైనస్‌కి. తెల్లగా వెలిగింది. రెండో కొస తీసి, బ్యాటరీ పళ్ళెం కిందికి పోయే నల్లవైర్ల గుత్తిలో ఒకదానికి ఆనించాడు. నాకు తేడా కనిపించలేదు. ఆయనకి కనిపించింది. "పీలా" అన్నాడు. పసుపు. ఇంకోసారి అటూ ఇటూ మార్చి చూపిస్తే అప్పుడు, అవును, ఒక పిసరు పసుపు.

ఆ తర్వాత పని నా మీటరుతో. ఈసారి ఓముల్లో కాదు, వోల్టుల్లో. ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది టీసీయూ ఎర్త్ పిన్ను వెనకనుంచి సూదితో గుచ్చి. రెండూ ఎర్తే కాబట్టి వాటి మధ్య దాదాపు సున్నా రావాలి. కారు స్టార్ట్ చేసి ఊరికే ఉంచితే సున్నాకి దగ్గరే. లైట్లు వేసి, ఏసీ వేసి రేడియేటర్ ఫ్యాను తిరిగేలా చేస్తే 1.9 వోల్టులు. నాన్న బ్రేకు తొక్కి గేరు వేశాడు, క్లచ్ మోటారు లాగింది, మీటరు గరిష్ఠం 3.2 పట్టుకుంది. మూడోసారికి డ్యాష్‌బోర్డు మీద న్యూట్రల్ గుర్తు మినుకుమంది. అమీర్‌పేటలో, పట్టపగలు, కదలకుండా నిలబడిన చోట ఆగిపోయింది కారు. మేం ముగ్గురం ఆనందించాం.

ఓమ్స్ లా ఉద్యోగంలో ఒక్కసారీ వాడలేదు, అక్కడ వాడాను. లైట్లూ ఫ్యానూ కలిపి సుమారు 21 ఆంపియర్లు, మోటారు లాగిన క్షణంలో ఇంకో 15 అనుకుంటే 36. 3.2ని 36తో భాగిస్తే 0.09 ఓము. నా మీటరు ముళ్ళ సొంత రెసిస్టెన్సే 0.3 ఓము, దాంతో 0.09ని కొలవబోవడం కందిగింజని లారీల కాటా మీద తూచడం లాంటిది. మామూలు వైరుకి, చిన్న సెన్సారుకి ఆ 0.09 ఉన్నా లేనట్టే. 36 ఆంపియర్లు పోయేటప్పుడు మాత్రం మూడు వోల్టులు మింగుతుంది. జామ్‌లో ఇంజను నెమ్మదిగా తిరుగుతూ, అన్నీ వేసి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.6 ఉంటే, టీసీయూకి మిగిలేది 9.4. ఆ బలంతో మోటారు చెప్పిన టైములోపు క్లచ్‌ని లాగలేదు. టీసీయూ చూసి, సర్క్యూట్‌లో ఏదో తేడా ఉందని రాసి, గేరు వదిలేస్తుంది. ఆదివారం పొద్దున లైట్లుండవు, జామ్ ఉండదు, ఫ్యాను తిరగదు. అందుకే నా చేతిలో బంగారం.

బ్యాటరీ పళ్ళెం తీస్తే కింద ఒకే బోల్టు. దానికి మూడు ఎర్త్ వైర్లు: లైట్లది, ఫ్యానుది, టీసీయూది. వేరువేరుగా పెట్టాల్సినవి ఒకేచోట ఎందుకు కట్టారో ఆ డిజైనర్‌నే అడగాలి. బోల్టు చుట్టూ ఆకుపచ్చ, తెలుపు పొక్కులు, కింద రేకు తుప్పు. "నీళ్ళల్ల మునిగిందా?" అన్నాడు ఉస్తాద్. 2020 అక్టోబరు 13 రాత్రి వాన హైదరాబాదులో ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. ఆ రాత్రి మా సెల్లార్‌లో మోకాలి పైదాకా నీళ్ళు. కారుకి అప్పుడు సర్వీసు చేయించాం, సీట్లు ఆరబెట్టాం, కార్పెట్లు మార్చాం. ఆ బోల్టు రెండేళ్ళు దాని పని అది చేసుకుంటూ పోయింది.

ఉస్తాద్ పాత లగ్గులు కోసేసి కొత్తవి వేశాడు, రేకుని మెరిసేదాకా గీకాడు, పళ్ళ వాషరు పెట్టి బిగించాడు, పైన గ్రీజు పూశాడు. టీసీయూ ఎర్త్‌ని విడిగా తీసి నేరుగా బ్యాటరీ నెగెటివ్ దగ్గరికి తెచ్చాడు. మళ్ళీ అన్నీ వేసి కొలిస్తే 0.12. మూడువందల యాభై తీసుకున్నాడు. ఐదొందలిస్తే నూట యాభై తిరిగిచ్చి, "బుక్కు పెద్దసార్ రాసిండు, నేను బోల్టు ఇప్పిన" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు నాన్నే నడిపాడు. ఎల్లారెడ్డిగూడ మలుపు దగ్గర నేను అన్నాను, "బ్రేకు సంగతి అడిగాను కదా నాన్నా అప్పుడు. తప్పు నాది." ఆయన అద్దంలో వెనక బస్సుని చూస్తూ, "నీకు ఎర్కలేక అడిగినవ్" అన్నాడు. అది క్షమించడమో కాదో నాకిప్పటికీ తెలీదు. ఎందుకంటే వెంటనే, "గా నోట్‌బుక్కు నాల్గు నెల్లసంది గదే డబ్బల ఉన్నది" అని కూడా అన్నాడు.

ఇంటికి రాలేదు. తిన్నగా పంజాగుట్ట వైపు తిప్పాడు. అప్పటికి ఆరూ పది. లైట్లు వేశాడు, ఏసీ పెంచాడు, అవసరం లేకపోయినా వైపర్లు కూడా ఒకసారి ఆడించాడు. నిమ్స్ ఎదురుగా పదకొండు నిమిషాలు నిలబడ్డాం, అంగుళం అంగుళం జరుగుతూ. ప్రతిసారీ గేరు పడింది. స్కూలు గేటు దగ్గర అమ్మ ఆటో మాట్లాడుకుంటోంది, మమ్మల్ని చూసి ఆటోవాడికి సారీ చెప్పింది. వెనక సీట్లో కూర్చుని, "ఇంత చలి ఎందుకండీ, తగ్గించండి" అంది. నాన్న తగ్గించలేదు. ఇల్లు చేరేదాకా టెస్టింగే అన్నాడు.

ఆ రాత్రి నోటుబుక్కులో ఎనిమిదో ఎంట్రీ రాశాడు, నాకు చూపించాడు ఈసారి. 'ఎర్త్ బోల్టు శుభ్రపరచబడినది. రూ. 350/-. సా. 6.10 నుండి 7.05 వరకు పరీక్షింపగా దోషము కనబడలేదు. వర్షాకాలము అనంతరము మరల చూడవలెను.' ఈ అక్టోబరులో పళ్ళెం తీసి చూశాం. గ్రీజు మీద కాస్త దుమ్ము తప్ప ఏమీ లేదు.